విద్యుత్తునందలి అనుస్వరములు – మన బోరు మోటారులు

శివ్వంపేట ప్రాంతమున సేద్యమనగా నేడు ముఖ్యముగా బోరుబావి సేద్యమే. 1905వ సంవత్సరమున మంజీరపై కట్టిన ఘనపురము ఆనకట్ట కాలువలు మెదకు చుట్టుపట్ల పల్లెలకు పారుచున్నవి గాని, నర్సాపూరునకును తూప్రానునకును నడుమనున్న మన పొలములకు ఆ నీరు రాదు. చెఱువు నిండిన యేడు చెఱువు క్రిందను, నిండని యేడు బోరు క్రిందను రైతు తన మడి తడుపుకొనుచున్నాడు. మన తాతల నాడు మోటకు కట్టిన యెద్దులు చేసిన పనిని ఇప్పుడు రాతిపొరల నడుమ వందల అడుగుల లోతున దింపిన మోటారు చేయుచున్నది. ఎద్దు అలసినచో కంటికి కనబడును. మోటారు అలసినచో కనబడదు. కాలిన పిమ్మటనే తెలియును.

యాసంగి వరి పొట్టకు వచ్చిన దినములలో మోటారు కాలినచో రైతునకు కలుగు నష్టము రాగితీగ ఖరీదుతో తీరునది కాదు. గొట్టములు పైకి తీయవలెను. మోటారును పట్టణమునకు కొనిపోవలెను. వైండింగు దుకాణమున తన వంతు వచ్చువరకు కాచుకొనవలెను. మరల కూలీలను పిలిచి దింపించవలెను. ఈలోగా మడి నెఱ్ఱెలు విచ్చును. కాలుటకు కారణమేమని యడిగినచో వోల్టేజి తగ్గినదనియో, ఒక ఫేజు పోయినదనియో, బోరులో నీరు అడుగంటి మోటారు వట్టిగా తిరిగినదనియో చెప్పుదురు. ఇవియే ప్రధానకారణములనుటలో మాకును సందేహము లేదు. అయితే వీనికి తోడై, వోల్టేజి మీటరు చక్కగా చూపుచున్న వేళ సైతము మోటారును మెల్లమెల్లగా వేడిచేయు కారణము మఱియొకటి కలదు. దానిని ఇంజనీర్లు హార్మోనిక్కులందురు. మన భౌతికశాస్త్ర గ్రంథములందు అనుస్వరములని వ్యవహారము. ఇంటింట ఎలక్ట్రానిక్ సామగ్రియు, పొలములలో సోలారు పంపులును, డ్రైవులును హెచ్చుచున్న యీ దినములలో ఈ విషయమును మన సభ్యులు ఎఱుగుట అవసరమని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

తరంగము, దాని తిరుగుడు

మన తీగలలో వచ్చు కరెంటు కాలువ నీటివలె ఒకే దిక్కునకు పారునది కాదు. అది సెకండునకు 50 మారులు ముందునకును వెనుకకును ఊగుచుండును. ఆ ఊపును కాగితముపై గీచినచో నున్నని అలవలె ఉండవలెను. మూడు ఫేజులలోను ఇట్టి అలలే వచ్చును గాని, ఒకదానివెంట నొకటి ఆవృత్తిలో మూడవవంతు ఆలస్యముగా వచ్చును. ఇట్లు వరుసగా వచ్చు మూడలలును మోటారులోని తీగచుట్లలో ప్రవేశించి, అందొక తిరుగుడు అయస్కాంత క్షేత్రమును కల్పించును. గానుగ చుట్టు తిరుగు ఎద్దువలె ఆ క్షేత్రము తిరుగుచు, నడుమనున్న రోటరును తనవెంట లాగుకొనిపోవును. బోరుబావులలో దింపు మోటారులందు ఎక్కువగా ఈ క్షేత్రము నిమిషమునకు 3000 చుట్లు తిరుగును. రోటరు దానికి కొంచెము వెనుకబడి తిరుగును.

అల నున్నగా ఉన్నంతవరకు గానుగ సాఫీగా తిరుగును. అల వంకర తిరిగినప్పుడే చిక్కు.

తంబుర చెప్పు సాక్ష్యము

వంకర తిరిగిన అల అనగానేమో తెలియుటకు తంబుర తీగ మంచి దృష్టాంతము. శ్రుతి చక్కగా కుదిరిన తంబురలో షడ్జమపు తీగను మీటినచో, ఎవరును మీటని గాంధారము దానియంతట అదియే వినవచ్చును. గాయకులు దానిని స్వయంభూ గాంధారమందురు. తీగ మొత్తముగా ఒక వేగమున ఊగుచుండగానే, అందే దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, అయిదు రెట్లు వేగముగల చిన్న ఊపులు కలిసియుండును. ఆ అయిదవ రెట్టు ఊపే మనకు గాంధారముగా వినబడునది. తంబుర నాదమునకు నిండుతనమిచ్చునది ఈ అనుస్వరములే.

ఫ్రాన్సు దేశీయుడైన ఫూరియే అను గణితవేత్త 1822వ సంవత్సరమున ఉష్ణప్రసారమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. మరల మరల వచ్చు అల యెంత వంకరగా నున్నను, దానిని ఒక మూలతరంగముగను, దానికి పూర్ణసంఖ్యల రెట్లు వేగముగల నున్నని తరంగములుగను విడదీయవచ్చునని అందు చూపెను. నేటి విద్యుత్ శాస్త్రజ్ఞులు కరెంటు అలను పరీక్షించునది ఈ మార్గముననే. మన కరెంటులో మూలతరంగము 50 ఆవృత్తులది. మూడవ అనుస్వరము 150, అయిదవది 250, ఏడవది 350 ఆవృత్తులు గలవి. పై సగము క్రింది సగము ఒకే రీతిగా నుండు అలలో రెండు, నాలుగు మొదలగు సరిసంఖ్యల అనుస్వరములు ఉండవు, బేసిసంఖ్యలవే యుండును. తంబురలో చెవికింపైన అయిదవ అనుస్వరమే మోటారులోనికి వచ్చినప్పుడు శత్రువగుచున్నది.

అనుస్వరములు పుట్టు చోటులు

ఇవి రెండు చోటుల పుట్టును. మొదటిది మోటారే. మోటారులోని తీగచుట్లు ఉక్కు రేకులలో కోసిన గాళ్లలో ఇమిడియుండును. గాడికిని గాడికిని నడుమ పన్నువలె ఉక్కు ఉండుటచే, లోపలి క్షేత్రము నున్నగాక మెట్లు మెట్లుగా ఏర్పడును. ఆ మెట్లే అనుస్వరములు. ఇట్లు పుట్టిన ఏడవ అనుస్వరపు క్షేత్రము అసలు వేగములో ఏడవవంతు వేగముతో ముందునకు తిరుగును. నిర్మాణము చెడినచో మోటారు నిండు వేగము నందుకొనక, ఆ ఏడవవంతు వేగము చెంతనే చిక్కుకొని ప్రాకులాడుచు వేడెక్కుట కలదు. 3000 చుట్ల మోటారునకు ఆ వేగము నిమిషమునకు సుమారు 428 చుట్లు మాత్రమే.

రెండవ చోటు తీగకు తగిలించు ఇతర సామగ్రి. పాతకాలపు బల్బు అల పొడవునను నిలుకడగా కరెంటు తీసికొనును. ఎల్‌ఈడీ దీపము, సెల్‌ఫోను చార్జరు, టెలివిజను, ఇన్వర్టరు మొదలగునవి అట్లు చేయవు. వీనిలో చాలవఱకు మొదట కరెంటును ఏకదిశగా మార్చుకొనును గనుక, అల శిఖరమునకు వచ్చినప్పుడు మాత్రమే ఒక్క గుక్కలో లాగుకొని తక్కిన సమయమున ఊరకుండును. కాలువకు తూముపెట్టి సమముగా నీరు పెట్టుకొను రైతునకును, గట్టు తెంపి పొంగు వచ్చినప్పుడెల్ల కుమ్మరించుకొను రైతునకును గల భేదమే ఇచ్చట నున్నది. రెండవవాని వలన కాలువలో మట్టము ఊగిసలాడి క్రింది మడులవారందరికిని చిక్కు కలుగును. అట్లే గుక్కగుక్కగా తీసిన కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండను తీగ గుండను వచ్చునప్పుడు, అందరికిని ఉమ్మడియైన వోల్టేజి అలను వంకర చేయును. ఒకని కరెంటు దోషము ఈ విధముగా అందరి వోల్టేజి దోషమగుచున్నది. సభ్యులు ఈ వ్యాసమునందలి యే మాటను మఱచినను ఈ మాటను మఱవకుందురు గాక.

ఒక ఫేజుతో నడచు ఎలక్ట్రానిక్ వస్తువుల నుండి మూడవ అనుస్వరము విశేషముగా పుట్టును. మూడు ఫేజులతో నడచు డ్రైవుల నుండియు, పెద్ద చార్జర్ల నుండియు 5, 7, 11, 13వ అనుస్వరములు పుట్టును. థైరిస్టరు అను అర్ధవాహక పరికరము 1957వ సంవత్సర ప్రాంతమున వెలువడినది మొదలు ఇట్టి యంత్రములు ఫ్యాక్టరీలలో వ్యాపించెను. ఇప్పుడవి పొలము గట్టునకు వచ్చినవి.

మోటారునకు కలుగు హాని

అయిదవ అనుస్వరము మోటారులో కల్పించు క్షేత్రము వెనుకకు తిరుగును. గానుగకు కట్టిన ఎద్దునకు ఎదురుగా మఱియొక కోడెను కట్టి తోలినట్లుండును. ఆ కోడె గానుగను ఆపజాలదు గాని, కాడిమీద ఒత్తిడి హెచ్చును. తిన్న మేత వృథా యగును. ఏడవ అనుస్వరము ముందునకే తిరుగును గాని రోటరుకన్న మిక్కిలి వేగముగా పరుగెత్తును. వెనుకకు తిరుగు 250 ఆవృత్తులది, ముందునకు తిరుగు 350 ఆవృత్తులది, రెండును రోటరు దృష్టిలో సుమారు 300 ఆవృత్తుల కరెంటుగనే పరిణమించి దాని కడ్డీలను వేడిచేయును. ఇరుసునందు సెకండునకు 300 మారులు సూక్ష్మమైన కంపము పుట్టును. బేరింగులు అరుగుటకు ఇదియు నొక హేతువు.

వేడి యెంత హెచ్చునో ఒక లెక్క చూడుడు. మూలతరంగపు కరెంటు 100 పాళ్లు ఉండగా, దానికి అనుస్వరములన్నియు కలిసి 30 పాళ్లు చేరినవనుకొందము. మొత్తము కరెంటు 130 కాదు. 104 పాళ్లు మాత్రమే యగును. మీటరు చూచినవాడు స్వల్పమే యనుకొనును. కాని రాగితీగలో పుట్టు వేడి కరెంటు వర్గముననుసరించి పెఱుగును గనుక, నూటికి 9 వంతులు హెచ్చును. ఇనుములోను, దళమైన తీగలలోను సుడులు తిరుగు కరెంటుల వలన కలుగు నష్టము ఆవృత్తి వర్గముననుసరించి పెఱుగును. సమానమైన బలముగల అయిదవ అనుస్వరము మూలతరంగముకంటె ఆ విధమున 25 రెట్లు నష్టము చేయును.

తీగపైనున్న పూత ఆయుస్సు వేడిపై ఆధారపడియుండును. నిర్ణీతమైన మేర దాటిన పిమ్మట, వేడి 10 డిగ్రీలు హెచ్చినచో పూత ఆయుస్సు ఇంచుమించు సగమగునని ఇంజనీర్లు చాలకాలముగా పాటించుచున్న సూత్రము. పది యేండ్లు నడువవలసిన మోటారు అయిదేండ్లకే కాలినచో, కాలిన దినమున జరిగిన లోపమొక్కటే కారణము కాకపోవచ్చును; అయిదేండ్లుగా ప్రతిదినము హెచ్చిన ఆ కొలది వేడియు కారణము కావచ్చును.

ఫేజుల వోల్టేజీలలో హెచ్చుతగ్గులున్నప్పుడును ఇట్టి వెనుక తిరుగుడు క్షేత్రమే పుట్టును. వోల్టేజిలో నూటికి 1 వంతు తేడా యున్నచో కరెంటులో 6 మొదలు 10 వంతుల వరకు తేడా వచ్చును. మూడు ఫేజుల సరఫరా లేని గంటలలో కెపాసిటరు తగిలించి ఒకటి రెండు ఫేజులతో మోటారును నడుపు అలవాటు పూర్వము అనేక గ్రామములలో ఉండెను. అది నీరు తెచ్చిన మాట నిజమే గాని, మోటారు ఆయుస్సును తినివేసినదనుటయు నిజమే.

ట్రాన్స్‌ఫార్మరు, న్యూట్రలు, కెపాసిటరు

మూడవ అనుస్వరముననొక విచిత్రము కలదు. మూడు ఫేజుల మూలతరంగములు న్యూట్రలు తీగలో ఒకదానినొకటి కొట్టివేయును. మూడవ అనుస్వరములట్లు కాక మూడును ఒకే వేళ వచ్చి కూడుకొనును. ప్రతి ఫేజున మూలతరంగములో మూడవవంతు ఈ అనుస్వరమున్నచో, భారము సమముగా పంచబడిన వేళ సైతము న్యూట్రలులో ఒక ఫేజు కరెంటంత కరెంటు పాఱును. ఊరిలోని ఇండ్లకు పోవు తీగలలో న్యూట్రలు సన్నముగానుండి, అతుకు వదులైనచో అచ్చట వేడి పుట్టును. అతుకు తెగినచో ఒక ఇంట వోల్టేజి పెఱిగి సామగ్రి కాలును. మఱియొక ఇంట దీపము మిణుకుమనును.

కెపాసిటరును గూర్చి జాగ్రత్తగా చెప్పవలసియున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఉచిత విద్యుత్తునకు సంబంధించి వ్యవసాయ పంపుసెట్లకు నాలుగు నియమములు పెట్టెను: రాపిడి తక్కువైన ఫుట్‌వాల్వు, తగిన కెపాసిటరు, ప్లాస్టికు గొట్టములు, ఐఎస్‌ఐ ముద్రగల పంపుసెట్టు. 5 హార్స్‌పవరు మోటారునకు 2 కిలోవారుల కెపాసిటరు వాడుక. అది ఉన్నచో తీగలోని వృథా కరెంటు తగ్గి, చివర పొలమువానికి సైతము వోల్టేజి నిలుచును. కావున కెపాసిటరు మేలే చేయును. దానిని తీసివేయుమని మేము చెప్పుటలేదు.

అయితే ఆవృత్తి హెచ్చినకొలది కెపాసిటరు అడ్డగింపు తగ్గును. వోల్టేజిలో అయిదవ అనుస్వరము నూటికి 5 వంతులున్నచో, కెపాసిటరులో ఆ అనుస్వరపు కరెంటు నూటికి 25 వంతులగును. అందుచేత అనుస్వరములు హెచ్చిన తావున కెపాసిటర్లు ఉబ్బి చెడుచుండును. ఇంతకన్న పెద్ద ప్రమాదము అనునాదము. ఉయ్యాలను దాని ఊపునకు సరిగా తోసినచో కొద్ది బలముతోనే ఆకాశమునకెగురును. ట్రాన్స్‌ఫార్మరునకును కెపాసిటర్లకును కలిసి అట్టి సహజమైన ఊపు ఒకటి యుండును. ఉదాహరణకు నూటికి 4.5 వంతుల ఇంపెడెన్సుగల 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు క్రింద 20 పంపులు, ఒక్కొక్కదానికి 2 కిలోవారుల చొప్పున 40 కిలోవారుల కెపాసిటర్లు ఉన్నవనుకొందము. పై లైనును, మోటారుల ప్రభావమును లెక్కలో విడిచినచో ఆ సహజమైన ఊపు మూలతరంగమునకు సుమారు ఏడున్నర రెట్లు వచ్చును. ఏడవ అనుస్వరమునకు అది మిక్కిలి చేరువ. ఆ లైనుపై ఏడవ అనుస్వరము పుట్టించు డ్రైవు ఒకటి చేరినచో ఉయ్యాలను తోయువాడు దొరకినట్లే. ఎవని కెపాసిటరునందును దోషములేదు. అన్నియు కలిసినందున చిక్కు వచ్చినది. ఫ్యాక్టరీలలో దీనికి మందుగా కెపాసిటరునకు ముందు నూటికి 7 వంతుల రియాక్టరును చేర్చుదురు. అప్పుడు ఆ ఊపు 189 ఆవృత్తులకు దిగి, అయిదు, ఏడు అనుస్వరములకు దూరమగును.

పరిశోధకులు కనుగొన్న మార్గములు

మోటారులో పుట్టు అనుస్వరములను అణచు ఉపాయము నూఱేండ్లుగా తెలిసినదే. తీగచుట్టను ఒక ధ్రువమునుండి మఱియొక ధ్రువమువరకు నిండుగా పఱచక, ఆఱింట అయిదు వంతుల దూరమునకు కుదించినచో అయిదు, ఏడు అనుస్వరములు రెండును మిక్కిలి తగ్గును. రోటరు గాళ్లను నిలువుగా కాక కొంచెము ఏటవాలుగా పెట్టుట మఱియొక ఉపాయము. మోటారును చేసిన కంపెనీ ఇట్టి లెక్కలన్నియు చూచియే చుట్టుచున్నది. కాలిన మోటారును తిరిగి చుట్టునప్పుడు చుట్ల సంఖ్యయు, తీగ మందమును, గాళ్ల దూరమును మాఱినచో ఆ లెక్క చెడును. మోటారు తిరుగును, నీరును పోయును. కాని వెనుకటికన్న వేడెక్కి త్వరలో మరల దుకాణమునకు వచ్చును.

ఎలక్ట్రానిక్ పరికరములనుండి పుట్టు అనుస్వరములపై మన తెలుగు దేశమునను, పొరుగు రాష్ట్రములలోను విశేషమైన పరిశోధన జరుగుచున్నది. 1959వ సంవత్సరమున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వరంగల్లున స్థాపితమై, నేడు జాతీయ సాంకేతిక సంస్థగా నున్న విద్యాలయమున, మోటారు తీగచుట్ల రెండు కొనలను విప్పియుంచి, ఇరువైపుల రెండు ఇన్వర్టర్లతో నడుపు పద్ధతిపై పరిశోధనలు జరిగినవి. ఒక ఇన్వర్టరు ఇచ్చు అల రెండు మూడు పెద్ద మెట్లతో నున్నచో, రెండు ఇన్వర్టర్లు కలిసి ఇచ్చు అల అనేకములైన చిన్న మెట్లతో నుండి నున్నని అలకు దగ్గఱగును. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో, ఆఱు కోణముల క్షేత్రమునకు మాఱుగా పండ్రెండు కోణముల క్షేత్రమును కల్పించు ఇన్వర్టర్లను రూపొందించిరి. దానివలన అయిదు, ఏడు అనుస్వరములు మోటారు వోల్టేజిలో పుట్టకయే పోవును. కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థకు హైదరాబాదునను ప్రయోగశాల కలదు. మన పాత మెదకు జిల్లాలోని కందియందున్న ఐఐటీ 2008లో ఆరంభమైనది. ఇట్టి సంస్థలు మనకు ఇంత చేరువనుండుట భాగ్యము.

అనుస్వరముల గణితము మోటారుతోనే ఆగిపోవునది కాదు. వాయువు మిక్కిలి వేడెక్కియో, బలమైన కిరణములు సోకియో దాని అణువులనుండి ఎలక్ట్రానులు విడిపోయినప్పుడు కలుగు నాలుగవ స్థితిని ప్లాస్మా యందురు. అమెరికా దేశపు శాస్త్రవేత్త లాంగ్‌మ్యూరు 1928లో దానికీ పేరు పెట్టెను. పిడుగు మెఱుపును, వెల్డింగు మంటయు, ట్యూబులైటు లోపలి వెలుగును ప్లాస్మాయే. భూమికి పైన వంద కిలోమీటర్లకు మించిన ఎత్తున గల అయనావరణమునందలి ప్లాస్మా అలలను, తిరుపతి చెంత గాదంకిలో 1992వ సంవత్సరమున స్థాపితమైన రాడారు కేంద్రమున పరీక్షించుచున్నారు. ఆ రాడారు సెకండునకు 5 కోట్ల 30 లక్షల ఆవృత్తులు గల రేడియో అలలను పైకి పంపి, తిరిగి వచ్చిన క్షీణమైన ప్రతిధ్వనిని విడదీసి చూచును. సూర్యుని ప్లాస్మానుండి వెలువడు కొన్ని రేడియో ధ్వనులలో మూలతరంగమును, దాని రెట్టింపు అనుస్వరమును జంటగా కనబడును. ఆకాశమున సూర్యుని వద్దను, మన పొలమున స్టార్టరు పెట్టె వద్దను పనిచేయునది ఒకే సూత్రము. ఆకాశమున అది జ్ఞానమునకు సాధనము. మన తీగపై అది అదుపులో ఉంచవలసిన దోషము.

అదుపునకు కొలతలును ఏర్పడినవి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లో చేసిన నియమముల ప్రకారము గ్రిడ్డునకు కలియు చోట వోల్టేజి అలలో అనుస్వరములు మొత్తము నూటికి 5 వంతులను, ఏ యొక్కటియు 3 వంతులను మించరాదని యుండెను. ఐఈఈఈ అను అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ 1000 వోల్టులకు లోబడిన లైనులకు మొత్తము 8 వంతులు, ఒక్కొక్కటి 5 వంతులు హద్దుగా పెట్టెను.

సోలారు పంపులు, డ్రైవులు

2019లో కేంద్ర ప్రభుత్వము పీఎం కుసుమ్ పథకమును ఆమోదించినది మొదలు సోలారు పంపుల మాట గ్రామములలో వినబడుచున్నది. ఇవి మంచివే. గ్రిడ్డుతో కలియని సోలారు పంపు ఇరుగుపొరుగువారి వోల్టేజిని చెఱుపదు. అయితే దాని ఇన్వర్టరు మోటారునకిచ్చునది నున్నని అల కాదు. సెకండునకు వేలమారులు తెగి అతుకు పలకలవంటి అల. ఇన్వర్టరునుండి మోటారువరకు కేబులు పొడవైనచో ఆ పలక యంచు కొనవఱకు పోయి, గోడకు కొట్టిన బంతివలె వెనుకకు మఱలును. అప్పుడు మోటారు మొనలయందు వోల్టేజి రెట్టింపువఱకు లేచుట కలదు. మన బోరులు లోతైనవి గనుక ఈ సంగతి మనకు ముఖ్యము. ఇన్వర్టరు వెంట తగిన ఫిల్టరును అమర్చినచో ఈ హాని తప్పును. కొనునప్పుడే కేబులు పొడవెంతో చెప్పి, దానికి ఫిల్టరు కావలెనా అని వ్రాతమూలకముగా అడుగవలెను.

సంఘముగా చేయదగినవి

తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1వ తేదీన ఆరంభమైనది. బిల్లు లేనందున వృథాయైన కరెంటు రైతునకు రూపాయలలో కనబడదు. అది మోటారు చుట్టుడు ఖర్చుగను, ఎండిన మడిగను కనబడును. పైన చెప్పినట్లు దోషము ఉమ్మడి తీగపై పుట్టి ఉమ్మడిగా బాధించునది గనుక, ఒక్క రైతు తన స్టార్టరు పెట్టెలో ఏమి మార్చినను పూర్తిగా తీఱదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రిందనున్న వారందఱు ఒక కుటుంబమని భావించి యీ క్రింది పనులకు పూనుకొనవలెనని మా సూచన.

1. ప్రతి ట్రాన్స్‌ఫార్మరునకు ఒక పుస్తకము పెట్టవలెను. అందు ఏ మోటారు ఎన్ని హార్స్‌పవరులది, ఏ దినమున కాలినది, ఎవరు చుట్టిరి, ఎన్నాళ్లు నడచినది, ఏ కెపాసిటరు ఎప్పుడు ఉబ్బినది అను విషయములు వ్రాయవలెను. ఒక్క మోటారు కాలుట దురదృష్టము కావచ్చును. ఒకే తీగపై ఒకే ఋతువున నాలుగు కాలినచో అది సాక్ష్యము.

2. పుస్తకమును చూపి, మూడు ఫేజుల వోల్టేజిని, కరెంటును, అల స్వరూపమును కొలువుమని విద్యుత్ పంపిణీ సంస్థ ఇంజనీరును సంఘము పక్షమున వ్రాతపూర్వకముగా కోరవలెను. సాధారణమైన మీటరు అనుస్వరములను చూపదు. దానికి ప్రత్యేకమైన పరికరము కలదు.

3. మోటారు చుట్టువాని వద్ద, పాత చుట్టలో ఉన్న చుట్ల సంఖ్య, తీగ మందము, గాళ్ల దూరము విప్పునప్పుడే కాగితముపై వ్రాయించుకొని, క్రొత్త చుట్ట అట్లే యున్నదని రసీదుపై సంతకము పుచ్చుకొనవలెను. సంఘము ఒకరిద్దరు నమ్మకమైన పనివారితో ఉమ్మడి ధర కుదుర్చుకొన్నచో ఇది సులువగును.

4. కెపాసిటరు మోటారు బలమునకు తగినదై, ఐఎస్‌ఐ ముద్రతో నుండవలెను. పెద్దది పెట్టినచో మేలు హెచ్చునను భ్రమ వలదు. ఉబ్బినదానిని వెంటనే మార్పించవలెను.

5. ఆటోస్టార్టర్లను తీసివేయవలెను. కరెంటు వచ్చిన క్షణమున అన్ని మోటారులును ఒక్కసారి లేచినచో, ఒక్కొక్కటి తన మామూలు కరెంటునకు సుమారు ఆఱు రెట్లు లాగును. ఆ భారమునకు ట్రాన్స్‌ఫార్మరు ఆగదు. ఎవరెప్పుడు మోటారు వేయవలెనో వంతులు పెట్టుకొనుట చెఱువు క్రింద నీటివంతులు ఎఱిగిన మనకు క్రొత్త సంగతి కాదు.

6. రైసుమిల్లు, చల్లని గిడ్డంగి, పెద్ద డ్రైవు మొదలగువానిని సంఘము క్రొత్తగా నెలకొల్పునప్పుడు, యంత్రముతోపాటు అనుస్వరముల ఫిల్టరును గూడ అంచనాలో చేర్చవలెను. వ్యవసాయ మోటారులున్న ట్రాన్స్‌ఫార్మరునకు దానిని కలుపరాదు.

7. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులను, న్యూట్రలు అతుకును రైతు తన చేతితో ముట్టరాదు. లైన్‌మనునకు చెప్పి కరెంటు తీయించి అతనిచేతనే చేయించవలెను. మోటారు పోయినచో మరల తెచ్చుకొందుము. మనిషి పోయినచో తెచ్చుకొనలేము.

విద్యుత్తు విషయమున సహకారము మన తెలంగాణమునకు నూతనము కాదు. దేశమున మొట్టమొదట ఏర్పడిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో ఒకటి సిరిసిల్లయందు 1970లో స్థాపితమైనది. అక్కడి రైతులును, మగ్గముల వారును తమ సంఘము ద్వారమున తామే కరెంటును పంచుకొనుట నేర్చిరి. మనకు తీగలును, ట్రాన్స్‌ఫార్మర్లును సొంతము కాకపోవచ్చును. కాని ఆ తీగపై తగిలించు మోటారులు మనవి, కెపాసిటర్లు మనవి, వానిని వేయు వేళలు మన చేతిలోనివి. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి గ్రామమునుండి ఒక ట్రాన్స్‌ఫార్మరు చొప్పున ఎన్నుకొని, మొదటి సూచనలో చెప్పిన పుస్తకమును ఈ యాసంగి నుండియే ఆరంభింపవలెనని సభ్యులను కోరుచున్నాము. పంట చేతికి వచ్చిన పిమ్మట ఆ పుస్తకములను ఒకచోట చేర్చి చూచినచో, మన మోటారులు ఏల కాలుచున్నవను ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో సమాధానము దొరకును. ఆ లెక్కను చేతబట్టుకొని మనమందఱము పోయి అడిగిననాడు, పంపిణీ సంస్థ వారికిని పరిశోధనశాలల వారికిని మన మాట వినక తప్పదు.